మామగారు కూర్చున్న కుర్చీ

పోయిన ఆదివారం మా తెలుగు సహవాసంలో ఆరాధన అయ్యాక, ప్రార్థన మనవులు చెప్పుకునే వేళ, ఖమ్మం నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చిన ఒక అమ్మాయి లేచి నిలబడి, ఈ చలికాలం తనకు మనసు బాగుండటం లేదనీ, డాక్టరు మందులు రాశాడనీ, అవి పనిచేసేలా ప్రార్థించమనీ, జలుబు చేసిందని చెప్పినంత మామూలుగా చెప్పి కూర్చుంది. అందరూ ఆమెన్ అన్నారు. పక్కనున్న పిల్ల ఆమె భుజం తట్టింది. తర్వాత అందరం వెళ్ళి బిర్యానీ తిన్నాం, అంతే. మా ఆయన మాత్రం హాలు ఆ చివర నుంచి నా వైపు చూశాడు, నేనూ ఆయన వైపు చూశాను. నా వయసు వాళ్ళయితే మీకు ఆ చూపు అర్థమవుతుంది, ఒకప్పుడు ఇదే మాట ఎంత గగ్గోలు పుట్టించేదో చూసినవాళ్ళం కదా.

మేము జర్మనీ వచ్చిన కొత్తలో ఇన్ని తెలుగు ముఖాలు ఎక్కడివి? ఇంగోల్‌స్టాట్‌కు రైల్లో కాస్త దూరంలో ఉన్న ఒక చిన్న ఊళ్ళో కాపురం. మా ఆయనా, మా మరిదీ ఇద్దరూ కార్ల తయారీలో ఇంజనీర్లు. చుట్టుపక్కల నుంచి ఓ ఏడెనిమిది కుటుంబాలు, అందరం గుంటూరు, బాపట్ల, ఒంగోలు వైపు వాళ్ళమే, నెలకోసారి ఆ ఊరి పాత చర్చి వెనకున్న హాల్లో కూడుకునేవాళ్ళం. హాలు తాళాలు ఒక జర్మన్ పెద్దావిడ దగ్గర ఉండేవి. ఆవిడకు మా పాటలంటే ఇష్టమే గాని మా పసుపంటే పగ. బల్లగుడ్డ మీద ఒక్క చుక్క కూర పడిందా, అందరికీ అక్షింతలే.

మా తోడికోడలికి తొలికాన్పు అయిన ఏడు మా మామగారు మమ్మల్ని చూడటానికి వచ్చారు. ఆయన జీవితమంతా ఉపదేశిగా పనిచేసిన మనిషి. అంటే పాస్టరుగారు ఎప్పుడో ఒకసారి వచ్చిపోయే పల్లెల్లో, మిగతా ఆదివారాలన్నీ ప్రసంగం చెప్పి, పిల్లలకు అక్షరాలు దిద్దించి, చావుకైనా పెళ్ళికైనా ముందు నిలబడే మనిషన్నమాట. మాట తక్కువ. రెండు స్వెట్టర్ల మీద కోటు, కోటు మీద నా పాత శాలువా, నెత్తిన మంకీ క్యాపు పెట్టుకుని, జర్మనీలో ఉన్న ఉన్ని అంతా తానే తొడుక్కున్నట్టు తిరిగేవారు.

ఆ చర్చి తలుపు పక్కన గోడకు ఒక రాతిపలక ఉంది. ఇన్నాళ్ళూ దాని పక్కనుంచే గిన్నెలు మోసుకుంటూ వెళ్ళాం గాని అదేమిటో మాలో ఒక్కరూ అడగలేదు. మామగారు అడిగారు. తాళాలావిడ చెబుతుంటే మా ఆయన తెలుగులో చెప్పాడు. కొన్ని వందల ఏళ్ళ కిందట ఆ ఊరి ఆడవాళ్ళను కొందరిని మంత్రగత్తెలని కాల్చేశారట. ఒకామె మంత్రసాని, ఒకామె దిక్కులేని వితంతువు, ఇంకొకామె తనలో తాను మాట్లాడుకునేదట. వాళ్ళు చేసిన నేరం అంతే. తీర్పు చెప్పినవాళ్ళు దొంగలూ దోపిడీగాళ్ళూ కారు, బోధకులూ చదువుకున్న పెద్దలూనూ. మోషే ధర్మశాస్త్రంలోంచి, మంత్రగత్తెను బతకనివ్వకూడదనే వాక్యం తీసి చూపించి మరీ శిక్ష వేశారట. ఇంటికి వచ్చే దారిలో మామగారు, ఆ వాక్యం నేనూ ఎన్నోసార్లు చదివి వినిపించానమ్మా, దాని వెనకాల ఇంత బూడిద ఉందని నాకెవరూ చెప్పలేదు అన్నారు. ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు.

ఇక మా తోడికోడలి సంగతి. రేపల్లె పిల్ల, ఊళ్ళో క్వయర్‌లో పాడేది, ఎప్పుడూ గలగలమంటూ ఉండేది. బిడ్డ పుట్టాక నోరు మూగబోయింది. నవంబరు, నాలుగింటికే చీకటి. పిల్లాడు ఏడుస్తున్నా వినిపించనట్టు కిటికీ దగ్గర కూర్చునేది, అద్దంలో ఉన్నది నేను కాదక్కా అని ఒకరోజు నాతో అంది. బాలింతలకు ఇలా అవుతుందని కిండర్‌గార్టెన్‌లో పరిచయమైన ఒక తల్లి చెబితే, పట్టుబట్టి డాక్టరు దగ్గర టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, తీసుకున్నాను.

ఈలోగా మా మరిది, భార్యకు నిద్ర పట్టడం లేదు, ప్రార్థన చేయండని ఊరికి ఫోన్ చేశాడు. మనవాళ్ళ ప్రార్థన మనవి ఎలా ప్రయాణం చేస్తుందో మీకు తెలియనిదేముంది! రేపల్లె నుంచి గుంటూరు, గుంటూరు నుంచి హైదరాబాదు, అక్కడి నుంచి మ్యూనిక్‌లో ఉన్న ఒకరి మేనత్తకు చేరింది. ఒక్కొక్కరూ ప్రేమగానే ఒక్కో మాట కలిపారు. చివరికి జర్మనీ అంతా తిరిగి తెలుగు సహవాసాల్లో వాక్యం చెప్పే ఒక దైవసేవకుడి చెవిన పడేసరికి నిద్రలేమి కాస్తా దయ్యమై కూర్చుంది. ఆయన వెంటనే ఉపవాస ప్రార్థన పెట్టమన్నారు, మందులు అవిశ్వాసమన్నారు. మరిది నాతో మాటైనా చెప్పకుండా టెర్మిన్ రద్దు చేసేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది, కాని సేవకుడి మాటకు ఎదురు చెప్పడం మా ఇళ్ళలో అలవాటు లేదు.

శనివారం పొద్దున ఆ సేవకుడే వచ్చాడు, హాలు మధ్యలో ఒక కుర్చీ వేశారు. పిల్లవాడు నా ఒళ్ళో ఉన్నాడు. ఏం జరగబోతోందో అందరికీ తెలుసు, మన వైపు స్వస్థత కూటాల్లో చూసినదే. జుట్టు పట్టుకుని, బైబిలుతో నెత్తిన కొడుతూ, పో పో అని గద్దించడం. పడిపోతే విడుదల వచ్చిందంటారు, పడకపోతే ఇంకా కొడతారు. మా తోడికోడలు ముసుగు వేసుకుని, చెప్పినట్టు వినే చంటిపిల్లలా లేచి నిలబడింది. మరిది ముఖంలో నెత్తురు చుక్క లేదు.

అప్పుడు వెనక వరసలోంచి మామగారు లేచారు. శాలువా సర్దుకుంటూ మెల్లగా నడిచి వచ్చి, ఆ కుర్చీలో తాను కూర్చున్నారు. పెద్దాయనకు అర్థం కాలేదని అనుకున్నాం అందరం.

"నాన్నా, అది నీకు కాదు," అన్నాడు మరిది.

"నాకేరా. దెయ్యం మనింట్లో దూరిందంటున్నారుగా, ఇంటికి పెద్దోణ్ణి నేను," అని మంకీ క్యాపు తీసి, బట్టతల వంచారు. "ముందు నన్ను కొట్టండి అయ్యగారూ. నాలో ఏం దొరక్కపోతే అప్పుడు ఆ పిల్ల సంగతి చూద్దురుగాని."

సేవకుడు తెల్లబోయాడు. తండ్రి వయసు మనిషి, పైగా ఉపదేశి. "లేవండి పెద్దయ్యగారూ, మీ మీద చెయ్యెట్టా ఎత్తుతాను?" అన్నాడు.

"మరి నా కోడలి మీద ఎట్టా ఎత్తుతారు బాబూ? బయట ఆ రాతి మీదున్నోళ్ళను కూడా వాక్యం చదివే కాల్చారంట. వాళ్ళ చేతుల్లో ఉన్నదీ ఈ పుస్తకమే."

హాలంతా ఎంత నిశ్శబ్దమంటే, మేము ఎప్పుడూ అంత నిశ్శబ్దంగా ఉండం గనక, ఏమైందోనని తాళాలావిడ తలుపు తీసి చూసింది. సేవకుణ్ణి గురించి కూడా ఒక మంచి మాట చెప్పాలి. ఆయన బైబిలును బల్ల మీద పెట్టి, మోకాళ్ళూని, గొంతు పెంచకుండా, మా తోడికోడలి కోసం ఒక తల్లి చేసినట్టు ప్రార్థన చేశాడు. ఉపవాసం మధ్యాహ్నం దాకా అనుకున్నాం గాని అప్పుడే పలావు గిన్నెల మూతలు తీసేశాం. నేను వడ్డిస్తూ ఏడ్చాను, ఏడుస్తూనే వడ్డించాను.

సోమవారం మరిదే స్వయంగా ఫోన్ చేసి మళ్ళీ టెర్మిన్ తీసుకున్నాడు. ఒక్క రోజులో నయమైపోలేదు. మందులు, మాటలు, నెలలు పట్టింది. ఈస్టరుకు మాత్రం మా తోడికోడలు పాట పాడింది. ఆనాటి పిల్లవాడు ఇప్పుడు బ్రెమెన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, నేను తెలుగులో ఒకటడిగితే జర్మన్‌లో రెండు చెబుతాడు. తోడికోడలూ నేనూ ఊరగాయ పెట్టుకుంటూ అప్పుడప్పుడు ఆ రోజు తలుచుకుంటాం. నాలో నిజంగానే ఏదో ఉందని నేనూ నమ్మేశానక్కా, మామయ్యగారు లేవకపోతే నేనే తల వంచేదాన్ని అంటుంది.

మామగారు పోయి చాలా ఏళ్ళయింది. రోజులు మారాయి, మంచికే మారాయి. మనసు బాగాలేదని చెప్పుకోవడానికి ఇప్పటి పిల్లలు ఎవరికీ భయపడటం లేదు, నాకు అంతకంటే తృప్తి ఏం కావాలి? కాకపోతే, అప్పట్లో ఊళ్ళనుంచి వచ్చి మా మధ్య కూర్చునే పెద్దలు ఉండేవారు, ఇప్పుడు మా సహవాసంలో అందరికంటే పెద్దవాళ్ళం మేమే. పిల్లలు పెద్దమ్మగారూ అంటూ మర్యాదగా ముందు వరసలో చోటిస్తారు. నేను కూర్చుంటాను. కాని మామగారికి పెద్దరికమంటే దెబ్బ పడే చోట వెళ్ళి కూర్చోవడం. నేను ఇంతవరకు అలాంటి చోట ఒక్కసారీ కూర్చోలేదు, అందుకే ఆ ముందు వరసలో కూర్చున్నప్పుడల్లా నాకు కొంచెం సిగ్గుగానే ఉంటుంది.