ఓటర్ల పట్టీలో వదిన

సోమవారం పొద్దున, ఈ మరాఠీ ఊళ్లో మన తెలుగు నేతవాళ్లుండే దాజీ పేట్‌లో మా పక్కింటి వదిన పోయింది. మూడు రోజుల జ్వరం, అంతే. ఆ పూట మా వరసలో ఒక్క మగ్గమూ ఆడలేదు.

వదిన బీడీలు చుట్టేది. కొంతం చౌక్‌లో పార్టీ సభ ఉందంటే చేట ఒళ్లో పెట్టుకుని ముందు వరసలో కూర్చునేది. ఉపన్యాసం బాగుంటే ఆమె చేతులు ఆగిపోయేవి. బాగులేకపోతే బీడీలు పెరిగేవి. వక్తల్ని తూచడానికి ఇంతకన్నా మంచి తక్కెడ నేను చూడలేదు.

మొదటి ఎన్నికల ముందు పేర్లు రాసుకోవడానికి మరాఠీ గుమాస్తా ఒకడు వచ్చాడు. నేను బడి మొహం చూడనివాణ్ణి, పొట్లాల కాగితాలే నా పంతుళ్లు. అయినా నాలుగు మరాఠీ ముక్కలు వచ్చు కదా, పెద్దమనిషిలా పక్కన నిలబడి ఇంటింటి పేర్లూ చెప్పాను. వదిన నీళ్లకు పోయింది. ‘అంబాదాసు తల్లి’ అన్నాను. కొడుకు పేరుతో వాడకట్టంతా అలాగే పిలిచేది. అసలు పేరు నాకు తెలియదు. అడగాలనీ తోచలేదు.

సొంత పేరు లేని ఆడవాళ్లను పట్టీలోంచి కొట్టేశారని ఓటు రోజున తెలిసింది. ఉతికిన చీర కట్టుకుని పోయిన వదిన తిరిగొచ్చి మా గడపలో కూలబడింది.

“ఏంది మరిదీ, జెండా మోసిననాడు అందరికీ కనవడ్డ. ఓటుకాడనే కనవడకపోతినా? మా అయ్య నాకు పేరు వెట్టలేదనుకున్నవా?”

“తప్పు నాదే వదినా.”

అప్పుడు చెప్పింది పేరు. చీటీ మీద రాసిచ్చాను. తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసింది. “గింతేనా నేను?” అంది.

మళ్లీ పేర్లు రాసుకోవడానికి వచ్చినప్పుడు నన్ను నోరెత్తనివ్వలేదు. “నువ్వు సప్పుడు జెయ్యకు మరిదీ” అని, “సాబ్, లిహా!” అంటూ గుమాస్తాను మరాఠీలో గదమాయించి తనే రాయించుకుంది. మొన్నటి ఎన్నికల్లో ఓటు వేసి వచ్చింది. ఎవరికి వేశావంటే, “నీకు జెప్తె మల్ల తప్పు రాయిస్తవ్” అంది.

నిన్న అంబాదాసు వాళ్లమ్మ చేటను తెచ్చి నా ముందు పెట్టాడు. బీడీల మధ్య ఒకటి తెల్లగా ఉంది. సన్నగా చుట్టి, కొసలు మడిచి, ఎర్రదారం కట్టిన కాగితం. అంచున నా వంకర అక్షరం ఒకటి తొంగిచూస్తోంది.

“విప్పు కాకా, ఏమున్నదో సూద్దం.”

విప్పలేదు. ఆ పేరు ఇక్కడా రాయడం లేదు. ఆమెను అడగకుండా ఒకసారి చెప్పాను, చాలు. దారానికి వదిన వేసిన ముడి గట్టిగానే ఉంది.