ఇస్త్రీ పెద్దమ్మ అడిగిన ప్రశ్న

పటాలం గేటుకి ఎదురుగా రేకుల షెడ్డులో బట్టలు ఇస్త్రీ చేసే ఆవిణ్ణి చిన్నా పెద్దా అందరూ పెద్దమ్మ అనే పిలిచేవారు. సిపాయి చొక్కా మీద మడత చూడగానే ఇది పెద్దమ్మ చెయ్యి అని చెప్పేయొచ్చు. మొగుడు కూడా ఆ పటాలంలోనే పనిచేసి జబ్బుతో పోయాడు. ఇద్దరు కొడుకులూ అందులోనే చేరారు.

మనిషి సరదాగానే ఉండేది గానీ, ఒకరి మీద మనసు విరిగితే మళ్ళీ అతకదు. పాలవాడు ఒకసారి నీళ్ళు కలిపాడని పాలు తాగడమే మానేసింది. "వాడి మీద కోపానికి నీ నోరు కట్టుకుంటే వాడికేం నష్టం?" అని పక్కింటావిడ నవ్వితే, "నాకు పాలు పోతే పోనీ, వాడికి నా పైసా మాత్రం రాకూడదు" అనేది.

పెద్దకొడుకు సరిహద్దులో పోయాడు. వాగు పక్కన కాపలా ఉన్న వాళ్ళని శత్రువులు చుట్టుముట్టారు. అప్పుడు వాళ్ళకి పైఅధికారిగా ఉన్నవాడే తర్వాత కల్నల్ అయ్యాడు. కాలికి దెబ్బ తగిలిన కుర్రాడు "మీరు వెళ్ళండి సార్, నేను అడ్డుకుంటాను" అని తనంతట తానే ఆగిపోయాడని ఆయన చెప్పాడు. పటాలం గోడ మీద కుర్రాడి పేరు చెక్కించారు. పెద్దమ్మ చేతిలో పతకం పెట్టారు. ఆవిడ ఆ పతకాన్ని రోజూ తుడిచేది.

ఒకనాడు పటాలం డ్రైవరు వచ్చి షెడ్డు ముందు కూలబడ్డాడు. ఆ రోజు వాగు దగ్గర్నుంచి మిగతావాళ్ళని తప్పించిన బండి నడిపినవాడు అతనే.

"వాణ్ణి నేనే బండెక్కించాను పెద్దమ్మా. ఆ కల్నలే దింపించేశాడు. తన ట్రంకు పెట్టెలు రెండూ కిందకి తోసినా చోటుండేది. 'దింపొద్దు సార్' అని ఏడ్చాడు నీ కొడుకు."

పెద్దమ్మ ఏడవలేదు, శాపనార్థాలూ పెట్టలేదు. లోపలికెళ్ళి పతకం తీసి బొగ్గుల బస్తాలో పారేసి వచ్చింది. కల్నల్ ఇంటి బట్టల మూట మాత్రం ఎప్పటిలాగే తీసుకునేది.

"ఇంకా వాడి బట్టలు ఎలా ముట్టుకుంటావు పెద్దమ్మా?" అన్నాడు డ్రైవరు.

"కాలే పెట్టె వాడి గుండెల మీద ఆనించి ఒత్తుతున్నాను కదరా. ఆ మాత్రం సుఖం నాకు లేకపోతే ఎలా?"

ఆ మంటని ఒక్కతే మోయలేక చిన్నాడి నెత్తికీ ఎత్తింది. అన్నం పెడుతూ చెప్పింది, బట్టలు మడతపెడుతూ చెప్పింది. "మీ అన్నని కుక్కపిల్లని దింపినట్టు దింపాడురా." చిన్నాడు ఊ కొట్టేవాడు, అంతే.

ఇంతలో పటాలం మళ్ళీ సరిహద్దుకి కదలాలని ఉత్తర్వు వచ్చింది. నాయకుడు ఆ కల్నలే. వెళ్ళేముందు కవాతు మైదానంలో తాతల నాటి నుంచీ ఒక వేడుక ఉంది. సిపాయిల కుటుంబాలన్నీ వస్తాయి. వాళ్ళలో ఒక తల్లి పటాలం జెండా పట్టుకుని "మా పిల్లల్ని తిరిగి తెస్తావా?" అని నాయకుణ్ణి అడుగుతుంది. "తెస్తాను" అని ఆయన జెండా అందుకుంటాడు. ఈసారి వీరుడి తల్లి అయితే బాగుంటుందని కల్నలే పెద్దమ్మకి కబురు పెట్టాడు.

"ఓ, దానికేం!" అంది పెద్దమ్మ.

ఆ మాట తెలిసి చిన్నాడు షెడ్డుకి వచ్చాడు. "అమ్మా, జెండా ఇచ్చేసి ఊరుకో. ఏమీ అనకు."

"భయమా?"

"భయమెందుకు? అక్కడ ఆయన వెనకాలే నా నడక. కాల్పుల్లో ఎవరి తూటా ఎవరికి తగిలిందో ఎవరు చూడొచ్చారు?" అని నవ్వాడు. అచ్చం వాళ్ళన్న నవ్వు.

పెట్టె కింద చొక్కా మాడి పొగ వచ్చేదాకా ఆవిడకి తెలియలేదు. ఇన్నాళ్ళూ కోరుకున్నది అదే. అయినా కొడుకు నోట వినేసరికి పెట్టె తీసి పక్కన పెట్టేసింది. ఒకణ్ణి మింగినవాడికి రెండోవాడి బతుకు కూడా వడ్డించాలా? నా పగకి వీడి చేతులెందుకు?

"అలాగేలే, ఏమీ అనను," అంది. కొడుకుతో అబద్ధమాడటం ఆవిడకి అదే మొదలు.

మైదానం నిండిపోయింది. చంటిపిల్లల్ని ఎత్తుకున్న కోడళ్ళు, కర్రలూతంగా నిలబడ్డ తాతలు, వరసల్లో సిపాయిలు. కల్నల్ మైకు ముందు పెద్దకొడుకు కథ మొదలుపెట్టాడు. "మీరు వెళ్ళండి సార్ అన్నాడు ఆ వీరుడు..." అనేసరికి జనం కళ్ళొత్తుకున్నారు.

పెద్దమ్మ జెండా పట్టుకుని ముందుకొచ్చింది. "మా పిల్లల్ని తిరిగి తెస్తావా?"

"తెస్తానమ్మా."

జెండా అందుకోబోయాడు. ఆవిడ కర్ర వదల్లేదు.

"మరి పోయినసారి నా పెద్దాణ్ణి బండిలోంచి ఎందుకు దింపావు?"

మైకు ఎదురుగానే ఉంది. ఆ మాట మైదానం చివరిదాకా వెళ్ళింది. కల్నల్ కర్రని గుంజాడు. ఇస్త్రీ పెట్టె తోసి తోసి మొద్దుబారిన చేతులవి, కదల్లేదు.

"ట్రంకు పెట్టెలకి ఉన్న చోటు నా కొడుక్కి ఎందుకు లేకపోయింది? చెప్పి తీసుకో జెండా."

"ఈమెకి మతి చలించింది. తీసుకెళ్ళండి!" అని అరిచాడు కల్నల్.

ఎవరూ కదల్లేదు. వరసలోంచి డ్రైవరు ఒక్కడే ముందుకొచ్చి, "బండి నడిపింది నేను. ఆవిడ చెప్పింది నిజం," అన్నాడు. ఆ వెనకే ఒక తల్లి వెళ్ళి తన కొడుకుని వరసలోంచి చెయ్యి పట్టి లాగింది. ఇంకో తల్లి కదిలింది. కల్నల్ ముఖం సున్నం కొట్టినట్టయింది. పెద్దమ్మ కళ్ళార్పకుండా ఆ ముఖాన్నే చూస్తూ నిలబడింది.

పటాలం వేరే అధికారితో వెళ్ళింది. విచారణ అన్నారు గానీ కల్నల్‌కి జైలేమీ పడలేదు. పదవిలోంచి దిగిపొమ్మన్నారు, అంతే. తల్లి చేసిన పనికి చిన్నాణ్ణి మాత్రం పటాలంతో వెళ్ళనివ్వకుండా సామాన్ల గిడ్డంగి పనిలో వేశారు. వాడు ఇంటికొచ్చి, "నా పని నువ్వు లాక్కున్నావు" అన్నాడు.

"అది మొదటినుంచీ నా పనేరా."

వాడు చాలాకాలం ఆ గడప తొక్కలేదు.

కల్నల్ సామాను సర్దుకుని ఊరు వదిలిన రోజు పెద్దమ్మ షెడ్డు మూసి స్టేషన్‌కి వెళ్ళింది. కబురు ఎలా అందిందో, సాయంత్రం చిన్నాడు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏమన్నాడు?"

"ఏమంటాడు? తలెత్తలేదు."

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు. వాడి కిటికీ ఎదురుగా నిలబడి చూశాను. రైలు కదిలేదాకా చూశాను."

చిన్నాడు లోపలికొచ్చి పీట లాక్కున్నాడు. "ఆ రైలు ఇంకాస్త ఆలస్యంగా కదలాల్సింది, నీ కళ్ళెదుట ఇంకాసేపు కూర్చునేవాడు," అన్నాడు.