నీలం తిరగని ఉప్పు

మొన్న కుంఠా నాకా దవాఖానలో నర్సమ్మ నా కాలి పుండు మీద ఎర్రటి మందు అద్దింది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నాకు మా పాత గల్లీ, బాలవ్వ అరుగు గుర్తొచ్చాయి. "ఈ అయోడిన్ను షోలాపూర్‌కు తెచ్చిందే నేను, ఎరికేనా బిడ్డా?" అన్నాను. నర్సమ్మ నవ్వి కట్టు కట్టింది. సరే, తెచ్చింది నేను కాదు. మా గల్లీలో దాని గురించి ఇల్లిల్లూ తిరిగి చెప్పింది బాలవ్వ. నేను చేసిందల్లా ఆమెకు అబద్ధం చెప్పడం.

బాలవ్వది మా పక్కిల్లు. బీడీలు చుట్టేది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, నోట్లో ఎప్పుడూ ఒక ఎత్తిపొడుపు. ఆ రోజుల్లో నేను సాంచా నడిపేవాణ్ణి, అంటే కరెంటు మగ్గం. ఒకనాడు బొటనవేలు తెగితే, సాంచాలు బాగుచేసే జాబర్ దాని మీద టింక్చర్ అయోడిన్ పోశాడు. ఆ వేలితోనే తెగిన పోగులు ముడివేశాను. గంజి పెట్టిన తెల్లటి పడుగు మీద నా వేలు తగిలిన చోటల్లా నల్లటి నీలం మచ్చలు లేచాయి. ఆ మచ్చల దెబ్బకు అశోక్ చౌక్ దాకా సాంచాలన్నీ ఆగిపోయాయని గల్లీ అంతా చెప్పుకున్నాను. నిజానికి ఆగింది నా ఒక్క సాంచా, అదీ సేటు నన్ను తిట్టినంత సేపు.

"గంజికి అయోడిన్ తగిలితే నీలం గాక ఏమైతది తమ్మీ? గిన్నేండ్ల సంది గంజిల బతుకుతున్నవ్, గీ ముచ్చట ఎర్కలేదా?" అని బాలవ్వ పడీపడీ నవ్వింది. ఆమెకు ఎలా తెలుసంటే, సర్కారు దవాఖాన వాళ్లు మా గల్లీకి ఆమెను ఎంచి, ఉప్పు పరీక్ష నేర్పి చిన్న సీసా ఇచ్చారు. ఆ సీసా మందులోనూ గంజి ఉంటుందట. ఉప్పు మీద చుక్క వేస్తే, అయోడిన్ ఉన్న ఉప్పు నీలం తిరుగుతుంది. లేనిది తెల్లగానే ఉంటుంది.

అప్పుడు నా భార్య అనసూయకు నాలుగో నెల. అంతకుముందు కాన్పు ఐదో నెలలోనే పోయింది. దేనివల్ల పోయిందో ఎవరూ చెప్పలేదు. ఈసారి మెడ దగ్గర చిన్న వాపు కనిపించింది. డాక్టరమ్మ చూసి మాత్రలు రాసి, ఇక నుంచి అయోడిన్ ఉన్న ప్యాకెట్ ఉప్పే వాడమంది. పిసరంత సరుకే, కానీ అది తక్కువైతే కడుపులో బిడ్డ మెదడు సరిగ్గా ఎదగదని చెప్పింది. అనసూయ ఆ మాటను కొంగున ముడి వేసుకున్నట్టు ఇంటికి తెచ్చుకుంది.

నా నాలుక మాత్రం ఒప్పుకోలేదు. ప్యాకెట్ ఉప్పు వేస్తే పల్లీల చట్నీ చప్పగా ఉన్నట్టు అనిపించేది. అందుకని దుకాణంలో దొడ్డుప్పు తెచ్చి, కడిగి, మా సాంచాల షెడ్డు రేకుల మీద ఎండబెట్టి, మెత్తగా దంచి, ప్యాకెట్ కవర్లో నింపి ఇంటికి తెచ్చేవాణ్ణి. ఇంత కష్టం నేను సాంచా మీద కూడా ఎప్పుడూ పడలేదు.

ఒక సాయంత్రం బాలవ్వ సీసా పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "మాది ప్యాకెట్ ఉప్పే అక్కా," అంటూ అనసూయ గర్వంగా డబ్బా ముందు పెట్టింది. బాలవ్వ ఒక చుక్క వేసింది. ఉప్పు తెల్లగానే ఉంది. ఇంకో చుక్క వేసింది. తెల్లగానే ఉంది. ఆమె ఉప్పు వైపు చూడలేదు, నా వైపు చూసింది.

"సీసాల మందు పాతగైనట్టున్నది మరదలా," అని లేచింది. "తమ్మీ, జర ఇటు రా."

అరుగు మీదకు రాగానే నేను మొదలుపెట్టాను. "అక్కా, గా దుకాణపోడు కల్తీ..."

"చుప్! గా రేకుల మీద ఉప్పు ఎండుతుంటే గల్లీ అంత చూసింది. నేను అప్పడాల కోసమేమో అనుకున్న." గొంతు తగ్గించింది. "పొయ్యి ముట్టియ్యకముందే పోయి నువ్వే చెప్పు. నేను చెప్తే అది నా కాడ ఏడుస్తది. నువ్వు చెప్తే నీ కాడ ఏడుస్తది. ఏది మంచిదో నువ్వే సోంచాయించు."

చెప్పాను. అనసూయ ఏడవలేదు. డబ్బా ఎత్తి ఉప్పంతా మోరీలో గుమ్మరించింది. "బిడ్డ నా ఒక్కదాన్దేనా?" అంది. ఆ రాత్రి బాలవ్వ ఇంటి నుంచి తెచ్చుకున్న ప్యాకెట్ ఉప్పుతోనే వంటయింది. తలొంచుకుని తిన్నాను. చట్నీ ఎప్పటిలాగే ఉంది. తేడా అంతా నేను కల్పించుకున్నదే.

మిగిలిన ఐదు నెలలూ అనసూయ మాత్రలు మింగుతుంటే నేను లోపల్లోపల భయపడుతూనే ఉన్నాను. అయోడిన్ లేకుండా పోయిన ఆ కొన్ని వారాలు బిడ్డ దగ్గర ఏం లాక్కున్నాయోనని.

ఆడపిల్ల పుట్టింది. దవాఖాన నుంచి పరుగున వచ్చి బాలవ్వ అరుగు ముందు నిలబడ్డాను. "అక్కా, ఏం ఏడ్పు! దవాఖాన కిటికీలు అదిరినయ్!"

బాలవ్వ చేతిలో ఆకు సగం చుట్టి ఆగిపోయింది. ఊరికే నా ముఖం చూస్తూ కూర్చుంది.

"లేదక్కా," అన్నాను. "మెల్లగనే ఏడ్చింది. కానీ ఏడ్చింది. డాక్టరమ్మ అంత చూసి, బాగున్నదన్నది."

"గట్లజెప్పు," అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

నా బిడ్డ ఇప్పుడు బడిలో పిల్లలకు లెక్కలు చెబుతుంది. ఉప్పు కాపాడిందో, మాత్రలు కాపాడాయో, లేక నా తప్పే అంత పెద్దది కాలేకపోయిందో నాకు తెలియదు. బాలవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ ఏ ముచ్చటైనా మొదట కొండంత చేసే చెబుతాను, వయసుతో అది పోలేదు. కానీ ఎదుటివాళ్లు నమ్మి తల ఊపగానే నా నోరు దానంతట అదే ఆగిపోతుంది. ఊరికే చూస్తూ కూర్చున్న ఆ ముఖం కనిపిస్తుంది. అప్పుడిక ఉన్నదున్నట్టు చెప్పేదాకా నేను అక్కడి నుంచి లేవలేను.