ఐదో మాట మా అమ్మది

ఈ రోజు శుభ శుక్రవారం. సిలువ మీద యేసయ్య పలికిన ఏడు మాటల్లో ఐదోది దప్పిక గురించి. కర్నూలులో మా చర్చిలో దాన్ని చెప్పినాయన అది ఆత్మ దాహమే తప్ప నీళ్ల సంగతి కాదని తేల్చేసి, చల్లటి నీళ్ల సీసా మూత తిప్పాడు. నాకు ఒళ్లు మండింది.

మన ఈడు వాళ్లకు గుర్తుందా, ఏడు మాటలూ ఏడుగురికి పంచి, మూడింటిదాకా పచ్చి మంచినీళ్లు ముట్టని ఆ ఉపవాసాలు? మా పేటలో ఒక ఏడాది ఐదో మాట మా అమ్మకు వచ్చింది.

"ఊరి బావికాడ దోసిలి పట్టుకోని నిలబడతాండాం. ఊళ్లో పెద్దకులపోళ్లు పైనుంచి పోస్తేనే మనకు నీళ్లు. సిలువ మీద ఆయన్నీ అట్లనే అడుక్కునేట్ల చేసినారు" అంది.

సంఘపెద్ద లేచాడు. "చాలు, కూచో మరియమ్మా. ఈ మాట వాళ్ల చెవిన పడితే రేపు ఆ నీళ్లూ ఉండవు."

"బావి ఇడిసిపెట్టి దప్పిక ఎట్ల చెప్పేదన్నా?"

ఆయన ఆరో మాటకు మనిషిని పిలిచాడు.

ఆయన భయం నాకు అర్థమవుతుంది. ఈనాటి చర్చికి ఏం భయం?

ఆ రోజు ఇంటికొచ్చి అమ్మ మా ముగ్గురు పిల్లల్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఈడ నన్ను ఆపేటోళ్లు లేరు, ఇనండి."

ఆగిన చోటినుంచి ఐదో మాట పూర్తి చేసింది. తర్వాత గ్లాసు నిండా నీళ్లు ముంచి, ఒక్కొక్కరి చేతికీ అందించింది.