బియ్యం డబ్బా మీది పాట

“గీ రెండు చిన్న డబ్బాలు చాలు. పాట వినవడ్తె అయిపాయె!”

“నానమ్మా, గవి దోమలెక్క గుయ్యంటయి. కంప్యూటర్ ఆటల బాంబు పేలితే బఠాణీ చిట్లినట్టుంటది. నాకు కింద ధడ్ ధడ్‌మని మోగే పెట్టె ఉన్నదే కావాలె.”

“పెట్టె ఎందుకే? బట్టలు సదురుకుంటవా?”

హన్మకొండ దుకాణంల నేనూ నా మనుమరాలూ కంప్యూటర్ స్పీకర్ల కోసం గిట్ల కొట్లాడుతాంటే, దుకాణపాయన గడ్డం కింద చెయ్యి పెట్టుకొని కూసున్నడు. నేను చదివింది మూడో తరగతే. వాట్లూ గీట్లూ నాకు తెల్వయి. ఇత్తడి బిందెను చూసినట్టు ఒక్కోదాన్ని లేపి చూసిన. పెట్టె బరువున్నది. బరువున్న సామాను మోసం చెయ్యదని (గిది నా లెక్క) అదే కొనిచ్చిన.

ఇంట్ల బల్ల మీద జాగ లేదు. ఇంకో బల్ల ఎందుకు దండుగ అని పెట్టెను రేకు బియ్యం డబ్బా మీద పెట్టించిన. పిల్ల పాట పెట్టంగనే బర్రుబర్రుమని ఒకటే మోత. “ఖరాబు మాల్ అంటగట్టిండు! పొద్దుగాల వాపస్ ఇచ్చొస్త” అన్న. ఎన్నాళ్ల సందో అడుగుతున్న పిల్ల, కండ్లల్ల నీళ్లు పెట్టుకొని, “ఒక్క పాట జర మంచిగ విను నానమ్మా” అన్నది.

డబ్బా మీద చెయ్యి ఆనిచ్చి విన్న. మోత తగ్గింది. మొత్తుకునేది పెట్టె కాదు, నా రేకు డబ్బానే. మోత సద్దుమణిగినంక లోపలి దెబ్బ, ధడ్, ధడ్, అరచేతిలకెంచి ఎదలకు వచ్చింది. ఆ రోజుల్ల, పెండ్లి కాకముందు, కొత్తవాడల జంపఖానాలు నేసేదాన్ని. పోగులు దగ్గరికి జరుగుతందుకు దువ్వెనసొంటి ఇనుప పంజాతోని కొడితే గదే దెబ్బ. ఆ దెబ్బకు పాట దానంతటదే నోట్లకు వచ్చేది. కిటికీలకెంచి పడ్డ ఎండల దూది నుసి మెల్లగ తేలేది, నేనూ దానెంబడి తేలుకుంట పోయేదాన్ని. గట్ల పాడుకుంట పాడుకుంట ఒకనాడు ఎర్ర పట్టీ కాడ పచ్చ పట్టీ నేసిన. “నేతకు కూలిస్త గని పాటకియ్య! గిది నువ్వే పరుచుకో” అని మగ్గాల సేటు ఆ జంపఖానాను కూలి కింద నా మొఖాన కొట్టిండు. అప్పటి సంది నా నోటికి పాట బంద్.

తెల్లారి నేను దుకాణానికి పోలె. పాత బట్టల సందూకలకెంచి పచ్చ పట్టీ జంపఖానా తీసి, మడతలేసి, డబ్బాకూ పెట్టెకూ నడుమ పెట్టిన. “వాపస్ ఇయ్యవా?” అన్నది పిల్ల. “నోరు మూసుకొని పాట పెట్టు” అని బియ్యం ఏరుకుంట కూసున్న. ఈసారి డబ్బా మొత్తుకోలె. కొద్దిసేపటికి పాట అయిపోయింది. పిల్ల నా దిక్కు చూసుకుంట నవ్వుతాంది. నేనింకా పాడుతనే ఉన్న.