జిగురమ్మ చదివిన నవల

పాత జిగురును తడిగుడ్డతో నానబెట్టి, మొండి కత్తితో పుస్తకం వెన్ను మీంచి గీరుతోంది జిగురమ్మ. ఆ పేరు వీధివాళ్లు పెట్టింది. ఆమె కుట్టిన పుస్తకం ఏనుగు తొక్కినా ఊడదని వాళ్ల వేళాకోళం. ఇంటి ముందుగదే బైండింగు షాపు. బడి పుస్తకాలు, ఆఫీసు రికార్డులు, ఎవరివో పాత నిఘంటువులు చిరిగి వస్తాయి, కుట్టించుకుని వెళ్తాయి. ఇన్ని పుస్తకాలు చేతుల మీదుగా పోయినా ఆమె ఒక్కటీ మొదటినుంచి చివరిదాకా చదివింది లేదు. ఎవరైనా అడిగితే, చాకలి ఉతికిన చీరలన్నీ కట్టుకుంటుందా అనేది.

ఈ పుస్తకం మాత్రం చదువుతోంది. ఇది మేనకోడలిది. తల్లి ముందే లేదు, తండ్రి కూడా పోయాక పిల్ల అత్త దగ్గరికి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి గోడవైపు తిరిగి పడుకుని ఈ ఒక్క నవలే మళ్లీ మళ్లీ చదివి, చివరికి దాని వెన్ను విరిచింది. పిల్ల మేనమామ హాస్టల్లో సీటు మాట్లాడాడు. సోమవారం ప్రయాణం. ఈలోగా కుట్టిపెట్టమని పుస్తకాన్ని బల్ల మీద పెట్టి వెళ్లింది.

జిగురమ్మకు పిల్లను పంపడం ఇష్టం లేదు. ఉండిపొమ్మని ఒక్క మాట అడగాలి. మేనమామ ఫోన్ చేసి, మీకెందుకు ఈ భారం అన్నప్పుడు, మీ ఇష్టం అనేసింది. పిల్ల పక్కగదిలోనే ఉంది. ఆ మాటను ఎలా వెనక్కి తీసుకోవాలో ఆమెకు తెలియలేదు. పిల్లకు ఇందులో ఏం దొరికిందో తెలిస్తే మాట కలపొచ్చనుకుని, ఫారాలు, అంటే కలిపి కుట్టిన పేజీల కట్టలు, ఒక్కొక్కటే విడదీసి దుమ్ము దులుపుతూ చదవసాగింది.

కథలో ఒక నగరం ఉంది. అక్కడ పదహారేళ్లు నిండగానే ఎవరి గది వాళ్లకు ఇచ్చేస్తారు. తిండి, బట్ట, మందు అన్నీ గోడలోని అరలోంచి వస్తాయి. కాబట్టి ఎవరూ ఎవరినీ ఏదీ అడగనక్కర్లేదు. అడగడం నేరం కూడా. ఒక పిల్ల పక్కగది గోడ తట్టి, నిద్ర పట్టడం లేదు, కాసేపు మాట్లాడతావా అని అడుగుతుంది. అక్కడినుంచి గొడవ. జిగురమ్మకు చాలా సంగతులు నచ్చలేదు. లోకం తలకిందులవుతుంటే ఇద్దరు కుర్రాళ్లు ఆ ఒక్క పిల్ల చుట్టూ తిరగడం ఆమెకు పనిలేని వ్యవహారంగా తోచింది. అంత పెద్ద ఊళ్లో చెప్పులు కుట్టేవాడు ఒక్కడూ కనిపించలేదు. గోడ తట్టే చోట మాత్రం చెయ్యి ఆగింది. పుస్తకం విరిగింది సరిగ్గా ఆ పేజీ దగ్గరే. ఎక్కువసార్లు తెరిచిన చోటే వెన్ను విరుగుతుందని ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ పూట భోజనాల దగ్గర అడిగింది.

"ఆ అరల్లో తిండి ఎవరు పెడుతున్నారే?"

పిల్ల తలెత్తింది. "చదివావా?"

"సగం."

"అది రెండో భాగంలో తెలుస్తుంది."

"అప్పటిదాకా చదివేవాళ్లం పస్తుండాలా?"

పిల్ల పెదవి చివర నవ్వు కదిలింది. ఆ ధైర్యంతో జిగురమ్మ ఇంకో మాట వేసింది. "అయినా అడగడం తప్పేంటి? అలాంటి ఊరు ఎక్కడైనా ఉంటుందా?"

"ఊరిదాకా ఎందుకత్తా? ఈ ఇంట్లో ఎవరు ఎవర్ని ఏం అడిగారు?"

పిల్ల కంచం తీసుకుని లేచింది. అడగాల్సిన మాట జిగురమ్మ నాలుక చివరిదాకా వచ్చి అక్కడే ఉండిపోయింది.

ఆదివారం ఫారాలు కుట్టి, వెన్నుకు గుడ్డ వేసి, అట్టలు తొడిగింది. అట్టకు జిగురు పల్చగా రాయాలి. తల్లి కడుపులోంచి ఈ పని నేర్చుకుని రాకపోయినా, ఈ ముక్క చేతికి ఎప్పుడో అబ్బింది. ఆరోజు మాత్రం చెయ్యి రెండుసార్లు ఎక్కువ తిరిగింది. మందంగా రాస్తే తొందరగా ఆరదు. ఆరని పుస్తకాన్ని బరువు కిందినుంచి తీయకూడదు. సోమవారం పొద్దున ఇంకా తడిగానే ఉందని చెప్పింది. పిల్ల కాసేపు గుమ్మంలో నిలబడి, మామయ్యకు ఫోన్ చేసి, మర్నాడు వస్తానంది.

సాయంత్రం బరువు తీస్తే అట్టలు రెండూ ఎండుటాకుల్లా వంకర తిరిగి ఉన్నాయి. ఇలాంటి పని ఆమె గుమ్మం దాటలేదెప్పుడూ. కత్తి తీసుకుని అట్టలు కోసెయ్యడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకు పిల్ల వచ్చింది.

"బానే ఉందిగా, ఎందుకు కోస్తున్నావు?"

"బాలేదు. జిగురు ఎక్కువ పెట్టాను."

"నువ్వా?"

"నువ్వు ఇంకో రోజు ఉంటావని." కత్తి కింద పెట్టింది. "వెళ్లకే. ఇక్కడే ఉండిపో. ఆరోజు మీ మామయ్యతో మీ ఇష్టం అన్నానే, నా ఇష్టం అది కాదు."

పిల్ల కోసేసిన అట్ట ముక్కను చేతిలోకి తీసుకుని దాని వంపును నొక్కుతూ కూర్చుంది. నొక్కినంతసేపు సాఫుగా ఉండి, వదలగానే మళ్లీ వంగుతోంది.

"ముందే అడగాల్సింది అత్తా. అక్కడ చేరతానని నేనే మాటిచ్చేశాను. మంచం కూడా చూపించారు. మామయ్య నలుగురి కాళ్లు పట్టుకుని తెచ్చిన సీటు." ముక్కను బల్ల మీద పెట్టేసింది. "నువ్వు వద్దనుకుంటున్నావనే ఒప్పుకున్నాను."

సెలవులకు వస్తానని పిల్ల అంది. జిగురమ్మ సరేనంది. ఇద్దరూ కలిసి కొత్త అట్టలు కొలిచారు. పిల్ల పట్టుకుంటే ఈమె కోసింది. ఈసారి జిగురు నీడలా పల్చగా రాసి, మూల నుంచి మూలకు గుడ్డతో అదిమి, బరువు పెట్టింది.

పొద్దునకి పొడిగా ఆరింది. అంచుల వెంట బొటనవేలు పోనిచ్చి చూసింది. అట్ట ఎత్తి దించింది. బల్ల మీద పెడితే ఎక్కడా సందు లేకుండా సమంగా కూర్చుంది. వీధిలో ఆటో ఆగి హారన్ కొట్టింది. సంచీ భుజాన వేసుకుని పిల్ల ముందుగదిలోకి వచ్చింది. జిగురమ్మ పుస్తకాన్ని పొడిగుడ్డతో ఒకసారి తుడిచి చేతికిచ్చింది.