సైరన్ మోగితే సాలలోకి

విషవాయువు లీకైతే అది ఎంత దూరం పాకుతుందో, ఎవరికి ప్రాణహాని కలిగిస్తుందో కంప్యూటర్‌లో ముందుగా లెక్కగట్టడం నా ఉద్యోగం. మా కుటుంబంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఆ పని ఏమిటో ఇంట్లోవాళ్ళకు వివరించడం ఎన్నడూ సరిగా చేతకాలేదు. నరసన్నపేటకు దిగువనున్న ఒక కర్మాగారంలోని క్లోరిన్ ట్యాంకుల లెక్క నా బల్లమీదికి వచ్చాక మాత్రం వివరించక తప్పలేదు. ఆ ట్యాంకుల పక్క ఊళ్ళోనే మా అక్క కాపురం.

మొదటి ఫలితం కొంత ఊరటనిచ్చింది. సైరన్ వినగానే జనం ఇళ్ళలోకి వెళ్ళి తలుపులు మూసుకుంటారన్నది మా మోడల్‌లోని ఊహ. ఆ లెక్కన ఊరి పటంలో అక్క ఇంటిమీద పసుపు రంగు పడింది. అంటే కళ్ళమంట, దగ్గు, ఆసుపత్రి. ప్రాణం మాత్రం దక్కుతుంది.

తరువాత కర్మాగారంవారు ఆ ఊళ్ళో మాక్ డ్రిల్ పెట్టారు. నేనూ వెళ్ళాను. సైరన్ మోగగానే వీధిలోని వారంతా ఇళ్ళలోంచి బయటికొచ్చి పశువుల సాలలవైపు పరుగుతీశారు. అక్క అందరికంటే ముందుంది.

"అక్కా, లోపలికెల్లు! తలుపేసుకో!" అని వెంటపడ్డాను.

"ఏటిరా నీ గోల? పలుపులు ఇప్పకుండా ఎలాగెల్తాను?"

"ఇది తుపాను కాదే!"

"ఏదైతే ఏటి? కట్టేసి సంపుకుంటామేటి?"

అవతలి గేదె పలుపు విప్పుతూ బావ నవ్వాడు. "సదువుకున్నోడికి గేదెల్ని సూత్తే బయ్యం లాగున్నాదే."

ఈ తీరంలో తుపాను హెచ్చరిక వినగానే పశువులను విప్పేయడం పసితనం నుంచీ చేతులకు అలవాటైన పని. నీళ్ళొస్తే అవి ఈదుకుని బతుకుతాయి. కాని క్లోరిన్ గాలికంటే బరువైనది. నేలను పట్టుకుని పల్లానికి జారుతుంది. ఆ ఊరి సాలలన్నీ పల్లంలోనే ఉన్నాయి.

ఆఫీసుకు తిరిగొచ్చి, జనం సాలల్లో ఉన్నట్టు మార్చి మళ్ళీ లెక్కవేశాను. పటంలో సాలల వరుసంతా ఎరుపయింది. ఎరుపును మేము నివేదికలో 'ప్రాణాంతకం' అని రాస్తాము.

ఆ పటాన్ని మా ఆఫీసు సారుకు చూపించాను. "జనం సూచనలు పాటిస్తారనే లెక్క వెయ్యాలయ్యా. నిబంధన అదే," అన్నారు. ఆయన చెడ్డవారు కారు. ఎరుపు పటాన్ని అనుబంధంలో చేర్చడానికి ఒప్పుకున్నారు. అసలు నివేదిక మాత్రం పసుపు పటంతోనే వెళ్ళింది.

ఆ ఆదివారం అక్క ఇంటికి వెళ్ళి రెండు పటాలూ నా ఫోనులో చూపించాను. అన్నం వడ్డిస్తున్నదల్లా ఆగి చూసింది.

"ఈ ఎర్రదాంట్లో మా గేదెలు సచ్చిపోతాయేట్రా?"

"అవునక్కా. నువ్వు ఇప్పినా అవి బతకవు. నువ్వూ బతకవు."

"అయితే తలుపేసుకుని కూకుని, అవి అరుత్తుంటే ఇనమంటావు."

"ఇనమనే అంటన్నాను."

ఆమె చేతిని పట్టుకుని నా తలమీద పెట్టుకున్నాను. సైరన్ మోగితే సాలకు వెళ్ళనని ఒట్టు వెయ్యమన్నాను.

అక్క చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఒట్లెందుకురా," అంది. "తిను. సల్లారిపోతన్నాది."